ఉదయం ఎలుకలు, మధ్యాహ్నం ఎలుకలు

పైడిరాజు ఎలుకల గది గుమ్మంలో నిలబడి చేతులు కడుక్కుంటున్నాడు, కుళాయి కట్టేసినా నీళ్ళు పడుతూనే ఉన్నాయి, ఆయన చనిపోయి పది నెలలైందని నాకు తెలుసు, అయినా ఆలస్యమైపోతోంది రండి అని విసుక్కుంటున్నాను. మా ఫార్మకాలజీ విభాగంలో ముప్పై ఏళ్ళు ఎలుకలను సాకిన మనిషి. ఎలుకను చేతిలోకి తీసుకుని, రెండు చెవుల మధ్య బొటనవేలితో రాస్తూ, అది కళ్ళు మూసేదాకా ఆగి, అప్పుడు ప్లాస్టిక్ గొట్టంలోకి పంపేవాడు. కదలడానికి వీల్లేని ఆ గొట్టంలో దాని గుండె ఎంత జోరుగా కొట్టుకుంటుందో చూడడం నా పని.

"వైవా ఎప్పుడమ్మా?" అంటాడు.

"ఇవాళే, మూడింటికి."

"ఏటి సెప్తావు?"

ఐదేళ్ళుగా చెబుతున్నదే చెబుతాను. మెదడు అడుగున సెరటోనిన్ అనే రసాయనం కోసం కాచుకుని కూర్చున్న గ్రాహకాలున్నాయి, నా మందు వెళ్ళి వాటిని తడితే మెదడులోని కంగారు గుండెదాకా దిగదు, మందు పడిన ఎలుక గొట్టంలో కూడా నిమ్మళంగా ఉంటుంది, ఉత్త ఉప్పునీరు ఎక్కించిన ఎలుకకు గుండె దడదడలాడిపోతుంది. చెబుతుండగానే ఆ గది సిటీ బస్సవుతుంది, సీట్ల నిండా పంజరాలు, ఆయన నా పక్కనే కూర్చుని ఖాకీ చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు, ఎక్కడో సన్నగా కీచుమంటోంది, బ్రేకు కాబోలు అనుకుంటాను.

"మందు ఎలకల్ని పొద్దున్న నాను పట్టేవోడిని. ఉప్పునీటివి మద్దేనం నువ్వు పట్టేదానివి," అంటాడు కిటికీలోంచి చూస్తూ. "నీ సేతులు వొణికేవి తల్లీ."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు చున్నీలోకి పోతాయి.

బతికుండగా కూడా ఈ మాటే చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. ఉప్పునీటి ఎలుకలను ఒక్క వారం తనను పట్టనిమ్మన్నాడు, అంతకన్నా ఏమీ అడగలేదు. పదో తరగతి తప్పిన మనిషి నాకు ప్రయోగం నేర్పుతాడా అని ఒళ్ళు మండింది నాకు. మూడోసారి అడిగినప్పుడు, పనికి అడ్డొస్తున్నాడని ప్రొఫెసరుకు కాగితం రాసిచ్చాను. ఆయనను బాయిలర్ గదికి మార్చారు. మూడు వారాలకు అక్కడే ఛాతీ పట్టుకుని కూలిపోయాడు.

"ఆ కాగితం వల్లేనా?" అని అడుగుతాను. ఇదొక్కటి అడగడానికే బస్సెక్కానని అప్పుడు తెలుస్తుంది.

"నాకేటి తెలుస్తాది? సదువుకున్నదానివి నువ్వు. కంగారు గుండెకాడికి ఎలగ దిగుద్దో రాసింది నువ్వే గదా." ఆయన గొంతులో కోపం లేదు, నేను భరించలేనిది అదే. "నా సంగతి ఒగ్గీ. ఆ ఉప్పునీటి ఎలకల్ని ఓపాలి నా సేతికియ్యి."

ఇస్తానని చెప్పబోతుంటే బస్సు సన్నబడిపోతుంది, కిటికీలు వేలెడంత చిల్లులవుతాయి, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, నేను గొట్టంలో ఉన్నాను, అటూ ఇటూ మెసలలేను, గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటోంది. పై చిల్లులోంచి ఒక బొటనవేలు దిగి నా నుదుటిమీద మెల్లగా రాస్తుంది, ఫినాయిలు వాసన, ఒకసారి, రెండోసారి, గుండె దానంతటదే నెమ్మదిస్తుంది, మందేమీ లేకుండానే.

"ఇది ఏ పేజీలో రాసేవమ్మా?" అంటున్నాడు పైనుంచి.

కీచుమన్న అరుపు పెద్దదైంది. మెలకువ వచ్చేసరికి ల్యాబ్ బల్లమీద, బైండు చేయించిన థీసిస్ మీద నా తల ఉంది. గడియారం రెండున్నర చూపిస్తోంది. పక్క గదిలో కొత్త అటెండరు ఒక ఎలుకను గొట్టంలోకి తోస్తున్నాడు, అది అరుస్తోంది. నేను పట్టిన మధ్యాహ్నాలన్నిటా విన్న అరుపే. పైడిరాజు పట్టిన ఉదయాల్లో ఒక్కసారైనా విన్న గుర్తు లేదు. ఆ సంగతి నా రెండువందల పేజీల్లో ఎక్కడా లేదు.