చిన్నకోడలి చెయ్యి చలవ

అత్తయ్యకి నొప్పి మాత్రలు వద్దని డాక్టరు నాతోనే చెప్పాడు. బీపీ మాత్ర వేసుకుంటోంది, కిడ్నీలు కాస్త దెబ్బతిన్నాయి, మోకాళ్లకి కాపడంతో సరిపెట్టుకోమన్నాడు. అందుకని పూటపూటా వేడినీళ్ల సంచీ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లేదాన్ని. "వచ్చిందమ్మా వేడినీళ్ల వైద్యురాలు" అని ఆవిడ గోడవైపు తిరిగేది.

అలాంటిది ఉన్నట్టుండి లేచి తిరగడం మొదలుపెట్టింది. మెట్లు దిగి పక్కింటికి కూడా వెళ్లొచ్చింది. అంతా చిన్నకోడలి చెయ్యి చలవేనట. నా తోడికోడలు పార్లర్ నుంచి వచ్చి కాసేపు కాళ్లు పిసికితే నొప్పి ఎగిరిపోతోందట. నేను ఇన్నాళ్లు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు. తలుపు మూసుకుని వాళ్లిద్దరూ నవ్వుకుంటుంటే ఇవతల నా కడుపు రగిలిపోయేది.

ఒక పొద్దున అత్తయ్య లేవలేకపోయింది. కాళ్లు తనవి కానట్టున్నాయంది, వాంతి చేసుకుంది. దుప్పటి మారుస్తుంటే దిండు గలీబులో సగం ఖాళీ అయిన మాత్రల అట్ట దొరికింది. రోజంతా నిలబడి పనిచేసే నా తోడికోడలు తన కాళ్లనొప్పులకి వేసుకునే మాత్రలే అవి. అట్ట కొంగున కట్టుకుని, తోడికోడలితో కలిసి అత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్లాను.

అక్కడ రక్తం తీశారు, ఛాతీకి తీగలు పెట్టారు. కొత్తగా ఏమైనా మందులు వాడారా అని డాక్టరు అడిగాడు.

"ఏమీ లేదు బాబూ" అంది అత్తయ్య. అని నావైపు చూసింది. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను బతిమాలింది అదొక్కసారే, అది కూడా చిన్నకోడలి కోసం. తోడికోడలు గోడకి ఆనుకుని బ్యాగు పట్టీ మెలిపెడుతోంది.

నేను కొంగు ముడి విప్పి అట్ట ఆయన చేతిలో పెట్టాను. పెట్టాక ప్రాణం ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయికే నాకు భయమేసింది.

ఆయన దాన్ని చూసి తల పట్టుకున్నాడు. ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీ బయటికి తోస్తుందట. ఆ పని ఆవిడ బీపీ మాత్రతో కొంత తగ్గుతుంది, ఈ నొప్పి మాత్ర తోడైతే ఇంకా మందగిస్తుంది. కాళ్లు పడిపోయింది అందుకేనట, రక్తంలో పొటాషియం మరీ పెరిగితే గుండె కూడా ఆగిపోవచ్చన్నాడు.

"నాకు పనిచేసిందని ఇచ్చానక్కా. ఏడుస్తుంటే చూడలేకపోయాను" అంది తోడికోడలు.

"నేను చూడగలిగాననా?"



సూదిమందులతో ఆవిడ గండం గడిచింది. ఇంటికొచ్చాక మందులన్నీ నా చేతికే అప్పగించారు. నొప్పి మాత్రం తిరిగి వచ్చింది. సాయంత్రం సంచీలో వేడినీళ్లు నింపి తీసుకెళ్తే అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు చెప్పబట్టే బతికానట. సరేలే" అంది. వెంటనే, "కాస్త చిన్నదాన్ని పిలువు, కాళ్లు పడుతుంది" అంది.

పిలిచాను. అది బెరుగ్గా వచ్చి మంచం చివర కూర్చుంది. నేను వంటింట్లోకి పోలేదు. కుర్చీ లాక్కుని రెండో కాలు ఒళ్లోకి తీసుకున్నాను.

"నీ చెయ్యి గరుకే" అంది అత్తయ్య.

"అయినా ఈ కాలు ఇదే పడుతుంది" అన్నాను.