పల్లంలో నిలబెట్టిన ఫైరింజను

నేను ఒక ఫైరింజన్ని. పుట్టుకతో మాత్రం లారీనే. ఇసకో, ఇటుకో, ఎన్నికల మీటింగుకి జనాన్నో మోసుకు బతకవలసిన దాన్ని. ఫ్యాక్టరీ గేటు దాటేనాటికి నాకు ఇంజనూ, చక్రాలూ, చట్రమూ తప్ప మరేం లేవు. సీటు బదులు చెక్కపెట్టె వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఒక డ్రైవరు నన్ను మండుటెండలో బాడీ కట్టే షెడ్డుకి తోలుకెళ్ళాడు. అక్కడ నా వీపు మీద పేద్ద నీళ్ళ ట్యాంకు కూర్చోబెట్టారు. వెనక పంపు బిగించారు. పక్క అరల్లో గొట్టాల చుట్టలు, నెత్తిన నిచ్చెన, ముందర ఇత్తడి గంట. ఆఖర్న ఒకాయన వెలుగుతున్న బీడీ నోట్లో పెట్టుకునే నాకు ఎర్రరంగు కొట్టాడు. మంటలార్పే బండికి మొదటి గండం ఆయనే.

నన్ను కోనసీమలోని కొత్తరేవుకి పంపారు. చిన్న మున్సిపాలిటీ. చుట్టూ కాలువలు, కొబ్బరితోటలు, ఒకదాన్నొకటి ఒరుసుకునే తాటాకిళ్ళు. నేను వచ్చినరోజు ఊరు ఊరంతా స్టేషను ముందుంది. దండలు వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నన్ను నడపబోయే ఏసుపాదం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, ఆపైన ఆ నిమ్మకాయలన్నీ శ్రద్ధగా తొక్కించాడు. చైర్మన్ గారు గొట్టం పట్టుకుంటానని ముచ్చటపడ్డారు. నీళ్ళ జోరుకి గొట్టం పాములా లేచి ఆయన చేతుల్లోంచి జారిపోయింది. ఆ రోజు ఊళ్ళో ఎక్కడా మంట లేదు. తడవని చొక్కా కూడా లేదు.

ఏసుపాదం అంతకుముందు రైసుమిల్లు లారీ తోలేవాడు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో గొణుక్కుంటూ ఉండేవాడు. ఆ గొణుగుడు నాతోనేనని నాకు తర్వాత తెలిసింది. పొద్దున్నే వచ్చి అద్దం తుడుస్తూ "ఏమే, నిద్ర పట్టిందా?" అనేవాడు. ఇంట్లో భార్యని 'మీరు' అనేవాడట. నన్ను మాత్రం 'ఏమే, ఒసే' తప్ప ఇంకోలా పిలిచిన పాపాన పోలేదు.

మనుషులు ఫైరింజన్ని మంటలకే పిలుస్తారనుకుంటారు మీరు. ఎండాకాలం తాటాకిళ్ళు అంటుకున్నప్పుడు పిలిచేవాళ్ళు, నిజమే. గడ్డిమేట్లకీ పిలిచేవాళ్ళు. ఇక మిగతా కాలమంతా గేదె నూతిలో పడితే నేను, తుపానుకి కొబ్బరిచెట్టు రోడ్డుకడ్డం పడితే నేను, మంత్రిగారు వస్తున్నారు దుమ్ము అణచాలంటే నేను. ఒక వరదలో పెళ్ళికొడుకు చిక్కుకుపోతే అతన్నీ, పురోహితుణ్ణీ ఎక్కించుకుని నడుముల్లోతు నీళ్ళలో ముహూర్తానికి దిగబెట్టాను. దారి పొడుగునా గంట కొడుతూ వెళ్ళామేమో, పెళ్ళివారు తమ ఇల్లే అంటుకుందనుకుని గంగాళాలతో సహా వీధిలోకి పరుగెత్తారు.

అలా ఏళ్ళు గడిచాయి. ఏసుపాదం జుట్టు తెల్లబడింది. నాకు జుట్టు లేదు గనక ట్యాంకు తుప్పు పట్టింది. నీళ్ళు కారేవి. నేను మంట దగ్గరికి చేరేసరికి వచ్చిన దారంతా కళ్ళాపి చల్లినట్టుండేది. బజారులో కూరగాయలమ్మే ఆడవాళ్ళు నేను వెళ్ళిన వెనకే దుమ్ము అణిగిందని చక్కగా దుకాణం పరుచుకునేవాళ్ళు. అంతకంటే పెద్ద జబ్బు, తాళం తిప్పితే ఇంజను పలక్కపోవడం. తోస్తే తప్ప లేచేదాన్ని కాదు.

దానికి ఏసుపాదం ఒక ఉపాయం కనిపెట్టాడు. స్టేషను పక్కనే కాలువగట్టు ఉంది. దాని మీంచి రోడ్డుకి దిగే పల్లంలో నన్ను నిలబెట్టి, చక్రాల కింద ఇటుకలు పెట్టేవాడు. ఫోను మోగగానే ఎవరో ఒకరు ఇటుకలు తన్నేస్తారు. నేను దొర్లుతాను. సగం పల్లం దిగాక ఏసుపాదం క్లచ్చి వదులుతాడు, నేను దగ్గుతూ లేస్తాను. స్టేషను ఆఫీసరు రుక్మాంగదరావు గారు మెలితిరిగిన మీసం దువ్వుకుంటూ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు: "మా బండి ఎప్పుడూ దూకడానికి సిద్ధంగా ఉంటుందండి. గట్టు మీద పులిలా!" తనిఖీకి వచ్చిన వాళ్ళూ చూసి, "భేష్, కండిషన్ బాగుంది" అని వెళ్ళిపోయేవాళ్ళు. కండిషన్ బాగున్నది గట్టుది.

అప్పుడొచ్చింది వరహాలమ్మ పీచుషెడ్డు మంట.

వరహాలమ్మది కాలువకి అవతలి గట్టు. మొగుడు పోయాక ఒక్క రాట్నంతో కొబ్బరితాళ్ళు పేనడం మొదలుపెట్టి, వీధిలోని ఆడవాళ్ళందరికీ పని ఇచ్చే షెడ్డు నిలబెట్టుకుంది. మాఘం వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులు. మధ్యాహ్నం గాలికి కరెంటు తీగలు రెండూ ఒరుసుకుని నిప్పురవ్వలు పీచుగుట్ట మీద పడ్డాయి.

మాకు ఫోను రాగానే బయల్దేరాం. పల్లం దిగాను, లేచాను, గంట మోగిస్తూ కాలువ వంతెన ఎక్కాను. వంతెన నడినెత్తిన డీజిలు పైపులో గాలి పట్టింది. రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయాను. ఇంజను ఆగితే పంపూ ఆగినట్టే. ఎదురుగా మంట, కింద నిండు కాలువ, నా కడుపులో నీళ్ళు. ఒక్క చుక్క అక్కడికి చేరే దారి లేదు. ఏసుపాదం బానెట్ ఎత్తి పైపు విప్పి నోటితో పీల్చాడు. మిగతావాళ్ళు నన్ను తోశారు, దేవుళ్ళకి మొక్కారు, తిట్టారు. చివరికి నన్ను వదిలేసి బకెట్లు పట్టుకుని పరుగెత్తారు. ఆడవాళ్ళు అప్పటికే కాలువ నుంచి షెడ్డు దాకా వరస కట్టి బిందెలు అందిస్తున్నారు.

మనుషులందరూ బయటపడ్డారు. షెడ్డు మిగల్లేదు. రాట్నాల్ని లాగబోయి వరహాలమ్మ రెండు చేతులూ కాల్చుకుంది.

ఆమె ఆ చేతుల్ని గాల్లోకి ఎత్తి పట్టుకుని వంతెన మీదికొచ్చింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఏంటయ్యా ఇది? ముసలిదాన్ని పట్టుకొచ్చి మంటల్లో దూకమంటే దూకుద్దా? దీనికింక రెస్టివ్వండయ్యా!"

ఏసుపాదం నోరంతా డీజిలు. ఉమ్మేసి అన్నాడు: "మా బండినేం అనకండి వరాలమ్మగారూ. గాలి పట్టింది, అంతే."

ఆమెని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నాకు మాత్రం ఆమె మాట కష్టంగా తోచలేదు. నన్ను చూసి 'పులి' అన్నవాళ్ళున్నారు, 'డొక్కు' అన్నవాళ్ళున్నారు. రెస్టివ్వమన్నది ఆవిడొక్కతే.

చేతులకి కట్లు కట్టించుకుని వరహాలమ్మ ఊరుకోలేదు. షెడ్డు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని మున్సిపాలిటీ గుమ్మంలో కూర్చుంది. కొత్త ఫైరింజను కావాలంది. మనుషుల పద్ధతి నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. వాళ్ళు కొత్త బండి అడిగారు, వీళ్ళు పాత బండికి కొత్త రంగు వేయించారు. గంటకి తోడు కొత్త సైరను కూడా పెట్టారు. అది ఎంత బాగా మోగేదంటే, నేను కదలకుండానే ఊరంతా నేను వచ్చేస్తున్నాననుకునేది. మళ్ళీ అడిగితే, పై ఆఫీసువాళ్ళు ఎప్పుడొచ్చి చూసినా బండి బ్రహ్మాండంగా స్టార్టవుతోందన్నారు.

ఏప్రిల్లో అగ్నిమాపక వారోత్సవాలొచ్చాయి. జిల్లా ఆఫీసరు అహల్యాదేవి గారు వస్తున్నారని కబురు. ఒకరోజు ముందు ఏసుపాదం నన్ను కడుగుతుంటే వరహాలమ్మ వచ్చి గట్టు మీద కూర్చుంది. అతను మొహమాటపడి ఎదుటి కొట్టు నుంచి టీ తెప్పించాడు.

"తాగండి."

"ఎలా పట్టుకోనయ్యా?" అంది ఆమె, కట్లు చూపించి.

ఏసుపాదం కాసేపు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆమె పక్కన కూర్చుని, టీ చల్లార్చి, తనే కొంచెం కొంచెంగా తాగించాడు.

"రేపు పెద్దాఫీసరమ్మ వస్తున్నారంట గదా," అంది ఆమె మూతి భుజానికి తుడుచుకుని. "బండెక్కడ పెడతావ్?"

"ఎప్పుడూ పెట్టేచోటేనండి."

"ఈ పల్లంలోనేగా. అవతలి గట్టు మీద కూర్చుని రోజూ చూత్తానే ఉన్నాను తమ్ముడూ. ఇటుకలు తన్నడం, ఇది దొర్లడం. రేపొక్కరోజు కిందన పెట్టు. చదునుగా ఉన్నచోట."

ఏసుపాదం మొహం ముడుచుకుపోయింది. "అంతమంది ముందు దీని పరువు తియ్యమంటారా?"

"దీని పరువు సంగతి దీన్నే అడుగు. నువ్వు దాస్తున్నది నీ పరువు."

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఏసుపాదం కడిగిన చోటే మళ్ళీ మళ్ళీ కడిగాడు. ఆ రోజు నాతో ఒక్క మాట గొణగలేదు. నన్నే గనక అడిగి ఉంటే చెప్పేదాన్ని: కిందకే దించవయ్యా, ఎక్కీ దిగీ నా కీళ్ళరిగిపోయాయని.

మర్నాడు పొద్దున్నే ఇటుకలు తీసి, నన్ను గట్టు దించి, స్టేషను ముందు మైదానంలో నిలబెట్టాడు. రుక్మాంగదరావు గారు చూసి గుండె పట్టుకున్నారు. "ఏసుపాదం! ఇక్కడెందుకు పెట్టావోయ్?" అని ఆయన గుసగుసలాడేలోపే అహల్యాదేవి గారి జీపు వచ్చేసింది.

ప్రదర్శనకని మైదానం మధ్యలో ఏటా ఒక చిన్న తాటాకు పాక వేస్తారు. దాన్ని అంటిస్తారు, నేను ఉరికి వెళ్ళి ఆర్పుతాను, అందరూ చప్పట్లు కొడతారు. ఆనవాయితీ ప్రకారం చైర్మన్ గారు పాక అంటించారు. ఆనవాయితీ ప్రకారం ఈల వేశారు. ఏసుపాదం తాళం తిప్పాడు.

నేను పలకలేదు. మళ్ళీ తిప్పాడు. ఎక్కడో లోపల 'టక్కు'మంది, అంతే. పాక మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా భగభగా మండింది. గాలి తిరిగి రవ్వలు షామియానా మీద పడ్డాయి. చైర్మన్ గారు కుర్చీతో సహా లేచి, కుర్చీని వదలడం మర్చిపోయి పరుగెత్తారు. అప్పుడు చూడాలి, జనం వెనక నుంచి వరహాలమ్మ షెడ్డు ఆడవాళ్ళు నిండు బిందెలతో బయటికొచ్చారు. షామియానా మీదా, పాక మీదా, దారిలో ఉన్న పెద్దమనుషుల మీదా కుమ్మరించి మంట ఆర్పేశారు.

ఏసుపాదం కిందికి దిగి, అహల్యాదేవి గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది స్టార్టవదండి. చాన్నాళ్ళ నుంచీ అవట్లేదండి. పల్లంలో పెట్టి నేనే నెట్టుకొస్తున్నానండి. బాగుందనుకున్నారు మీరంతా. నేనే అలా అనుకునేలా చేశానండి." ఒకసారి నా వైపు తిరిగి చూశాడు. "దీన్ని పంపించేస్తారని భయమండి. ఆవిడ చేతులు చూశాక, ఇంక నావల్ల కాలేదండి."

"మీ ఆఫీసరుకి తెలుసా?"

మీసం ఒకసారి తడుముకుని రుక్మాంగదరావు గారే ముందుకొచ్చారు. "తెలుసు మేడమ్. ఇటుకలు తన్నే కాళ్ళలో నాదీ ఒకటి."

అహల్యాదేవి గారు టోపీ తీసి ఆయన చేతిలో పెట్టి, నా వెనక్కి వచ్చి, రెండు చేతులూ ఆనించారు. "రండి. ఎంత బరువుందో నన్ను కూడా చూడనివ్వండి." ఆఫీసరమ్మ తోస్తుంటే ఎవరు ఆగుతారు? చైర్మన్ గారు కూడా కుర్చీ వదిలేసి వచ్చారు. ఊరంతా తోస్తే మైదానం చివర్లో, నల్లటి పొగ కక్కుతూ లేచాను. ఆవిడ తెల్లచొక్కా మీద ఆ పొగంతా పడింది. దగ్గుతూ నవ్వారు. "అర్థమైంది," అన్నారు.

ఏసుపాదానికీ, రుక్మాంగదరావు గారికీ చెరో మెమో వచ్చింది. కొత్త బండి కూడా వచ్చింది. కాకపోతే మెమోలు ముందొచ్చాయి, బండి మరుసటి ఎండాకాలానికి వచ్చింది.

బాగుంది. నాకంటే ఎత్తు, నాకంటే ఎరుపు. మీట నొక్కితే చాలు, పిల్లి గుర్రుపెట్టినంత నెమ్మదిగా లేస్తుంది. నన్ను షెడ్డులో దాని పక్కకి జరిపారు. పాత సామాన్ల లారీ వచ్చి తీసుకెళ్ళేదాకా అక్కడే ఉండమన్నారు. వరహాలమ్మ కొత్తదాన్ని చూడటానికి వచ్చింది. చేతులు మానాయి, వేళ్ళు మాత్రం కాస్త బిగుసుకున్నాయి. కొత్తదాని చుట్టూ తిరిగి తలాడించి, వెళ్ళేముందు నా పక్క తలుపు మీద ఆ చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

ఒక మిట్టమధ్యాహ్నం ఫోను మోగింది. లాకులపేటలో తాటాకిల్లు అంటుకుంది. అందరూ పరుగెత్తారు. ఏసుపాదం కూడా పరుగెత్తుకొచ్చి నా తలుపు పిడి పట్టుకున్నాడు. తలుపు సగం తెరిచాక ఆగాడు. నన్ను చూశాడు. మెల్లగా తలుపు మూసి, వెళ్ళి పక్కదాన్లోకి ఎక్కాడు. అది ఒక్క నొక్కుకి లేచింది. ఒక్క చుక్క కారకుండా గేటు దాటింది.

మంట ఉన్నప్పుడు నేను ఇంట్లో కూర్చోవడం అదే మొదలు. సైరను వంతెన ఎక్కడం వినిపించింది. వంతెన మీద ఆగుతుందేమోనని నా లోపలి ఇనుమంతా బిగుసుకుంది. ఆగలేదు. దిగిపోయింది. దూరమైంది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఎదురుచూడటం ఇంత కష్టమని, మమ్మల్ని పిలిచి వీధిలో నిలబడే మనుషులకి ఎన్నాళ్ళ నుంచో తెలుసు. నాకిప్పుడే తెలిసింది.

ఎండ వాలుతుండగా తిరిగొచ్చారు. ఏసుపాదం మొహమంతా మసి. కొత్తదాని మెట్టు ఎత్తెక్కువ కదా, వచ్చి నా మెట్టు మీద కూలబడ్డాడు. సీసాలో నీళ్ళు గటగటా తాగి, తల వెనక్కి వాల్చి నాకు ఆనించాడు.

"ఒక్క కప్పే పోయిందే," అన్నాడు. "మిగతా పేటంతా నిలబడింది."