చిన్నపొన్ను సంతలో నేర్పించిన తెలుగు

మా కొడుకు యువరాజ్ చిత్తేరి కొండమీది అరవపిల్లను, కణ్ణగిని, పెండ్లి చేసుకున్నాడని మా ఇంటాయన వాణ్ణి గడప తొక్కనియ్యలేదు. నేనూ నోరు మూసుకునే ఉన్నాను. తప్పంతా ఆయనదే అంటే అబద్ధమవుతుంది. మొగుడూ పెళ్ళామూ సేలం రోడ్డులో లారీ కింద పోయేటప్పటికి వాళ్ళ బిడ్డ నందితకు రెండేండ్లు. కణ్ణగి అమ్మానాయనలు చిన్నపొన్ను, కాళియప్పన్ బిడ్డను కొండకు ఎత్తుకపోయినారు.

ఐదేండ్లయినాక, రెండువేల ఏడులో, మా ఆయన కన్నుమూసినాడు. నెలమాసికం కాంగానే బిడ్డను మా ఊరు బి. మల్లాపురానికి తెచ్చుకుందామని బస్సెక్కినాను. కొడుకు గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే. అడిగితే ఇస్తారా అని ఒక దిగులు. ఆ కొండమీది ఊర్లో అందరిదీ అరవమే, బిడ్డ నోట తెలుగు మాట వినే రాత నాకుందా అని ఇంకో దిగులు.

మిట్టమధ్యాహ్నానికి ఇల్లు చేరినాను. వాకిట్లో ఏడేండ్ల పిల్ల చింతపండు కొట్టి గింజ తీస్తా ఉండాది. కాళియప్పన్ ఇల్లు ఇదేనా పాపా అని అలవాటుకొద్దీ తెలుగులో అడిగేసినాను. పిల్ల లేచి నిలబడింది.

"రాండి అవ్వా, నీడలో కూర్చోండి. ముందు సరుకు చూడండి, బేరం తర్వాత మాట్లాడుకుందాం."

నేను బిత్తరపోయినాను. మాట మన ఇంటిది, తీరు మాత్రం మండీ వ్యాపారిది.

లోపలినుంచి వచ్చిన చిన్నపొన్ను సిగ్గుపడతా అరవంలో సంగతి చెప్పింది. పాపిరెడ్డిపట్టి సంతకు చింతపండు దించినప్పుడల్లా మనవరాలిని వెంటబెట్టుకుని, తెలుగాయన ఈశ్వరప్ప అంగడికే పోయేదంట. పక్క అంగళ్ళవాళ్ళు ఎంత పిలిచినా పోయేది కాదంట. తూకం ముగిసేదాకా బిడ్డతో నాలుగు మాటలు మీ భాషలో మాట్లాడన్నా అని బతిమాలేదంట. నాయన మాట బిడ్డకు పోకూడదు, ఎప్పటికైనా నాయన తల్లి వస్తే ఆమె ముందర మూగదాని మాదిరి నిలబడకూడదు అని చిన్నపొన్ను ఆలోచన. నేను వస్తానని నాకే తెలియదు. ఆమె మాత్రం నమ్మింది.

అంతలో కాళియప్పన్ ఒక మూట తెచ్చి నా పక్కన పెట్టినాడు. బిడ్డ గుడ్డలు. మీ ఇంటి బిడ్డ, వద్దనే హక్కు మాకు లేదమ్మా అని మొగం అటు తిప్పుకున్నాడు. నందిత మూటను చూసింది, నన్ను చూసింది, పోయి చిన్నపొన్ను కొంగు పట్టుకునింది.

నేను మూట విప్పినాను. పావడాలు ఒక్కొక్కటే దులిపి దండెం మీద వేసినాను.

"వదినా, ఆకలిగా ఉండాది, అన్నం పెట్టు. బిడ్డ ఈడనే ఉండనీ. నెలనెలా నేనే ఎక్కి వస్తాను."

వదిన అన్న ఒక్క మాటే తెలుగులో వచ్చేసింది, దానికి అర్థమేమని ఆమె అడిగితే అరవంలో చెప్పినాను. పన్నెండేండ్ల కిందట, బిడ్డల పెండ్లినాడే పిలవాల్సిన పిలుపు అది. ఆమె కండ్లు తుడుచుకుని సామల అన్నం వడ్డించింది. ఈ మోకాళ్ళతో నెలనెలా ఎట్లెక్కతావు అనింది. ఇంక ఎక్కలేనని తోచిన రోజు కొండ దిగను, ఈడనే పడుకుంటా అన్నాను. ఆమె ఆ పూటే నాకని అటకమీదినుంచి ఇంకో చాప దించింది.