పన్నెండు మందిలో ఇద్దరు

బెంగళూరులో ఆపరేషను చేసి తిమ్మక్క రొమ్ములోని గడ్డ తీసేసిన నెలకు, డాక్టరు జయంతి ఆమెనూ, ఆమె భర్త బయ్యన్ననూ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అది రెండువేల నాలుగు, ఫిబ్రవరి నెల. గడ్డ పోయినా దాని తాలూకు అవశేషం ఒంట్లో ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు, అందుకని సెలైనులో కలిపి ఒక మందు ఎక్కించాలి అని చెప్పింది. ఆ మందును వారం వారం కొంచెం కొంచెంగా ఇవ్వొచ్చు, మూడు వారాలకోసారి ఎక్కువగానూ ఇవ్వొచ్చు. రెండింటిలో ఏది మేలు చేస్తుందో, ఏది మనిషిని ఎక్కువ బాధపెడుతుందో తెలుసుకోవడానికి ఆసుపత్రిలో పరిశోధన నడుస్తోంది.

"ఎవరికి ఎట్ల ఇయ్యాలో ఎవరు చెప్తారు మేడమ్?" అని అడిగాడు బయ్యన్న.

"కంప్యూటరు చీటీ తీస్తుంది."

"మనిషి పానానికి చీటీ ఏస్తారా?"

జయంతి నవ్వలేదు. "ఏది మంచిదో నాకు తెలిసుంటే అదే ఇచ్చేదాన్ని బయ్యన్నా. తెలియదు కాబట్టే చీటీ. మీకు ఇష్టం లేకపోతే వద్దనండి. అప్పుడైనా మందు ఇస్తాం, చూసుకోవడంలో ఏ తేడా ఉండదు. మధ్యలో మానేస్తానన్నా మిమ్మల్ని ఒక్క మాట అనం."

బయ్యన్న భార్య వైపు తిరిగాడు. అరవై గొర్రెలు, నాలుగెకరాల వేరుశనగ చేను, ముదిగుబ్బకు ఆరు మైళ్ళ దూరంలో రెండు గదుల ఇల్లు. వాళ్ళిద్దరూ అన్నిటికీ ఒకరినొకరు అడిగే బతికారు.

"ఇంత సదువుకున్న మనిషి తెలీదని నోరు తెరిచి చెప్తాండాది. ఈమె అపద్దం చెప్పే మనిషి కాదులే" అంది తిమ్మక్క. ఎడమచేతి బొటనవేలు సిరా దిండు మీద తనే ఆనించింది.

చీటీలో ఆమెకు వారం వారం మందు వచ్చింది. మొత్తం పన్నెండు వారాలు. ప్రతి గురువారం తెల్లారే బస్సెక్కి కదిరిలో మారి బెంగళూరు చేరేవాళ్ళు. ఆసుపత్రిలో ముందుగా హేమ కనిపించేది. హేమ అనంతపురం పిల్ల. నర్సు చదివి, ఈ పరిశోధన కాగితాలు చూసే పనిలో చేరింది. మందు ఎక్కించే ముందు ఎదురుగా కూర్చుని, అచ్చువేసిన కాగితం చూస్తూ ఒక్కొక్క ప్రశ్నే అడిగేది. వాంతులు అయ్యాయా, నోట్లో పుండ్లు పడ్డాయా, జ్వరం వచ్చిందా అని మొదలుపెట్టి, చివరికి "పాదాలలో గాని, హస్తాలలో గాని స్పర్శజ్ఞానంలో మార్పేమైనా ఉందా?" అని చదివేది.

"ఏం లేదు పాపా, బాగుండా" అనేది తిమ్మక్క. హేమ సున్నా రాసుకునేది.

మొదట్లో అది నిజమే. జుట్టు రాలింది, కొంగు కప్పుకుంది. రెండు రోజులు అన్నం సయించేది కాదు, మూడోనాటికి సంగటి తినేది. ఆసుపత్రిలో తిమ్మక్క పక్క మంచం గంగాదేవిది. కణేకల్ దగ్గర కాలవ కింద వరి పండించుకునే ఇంటి కోడలు. ముప్పై ఎనిమిదేళ్ళది. ఆమె చీటీ కూడా వారం వారమే. ఆమె భర్త హనుమంతరాయుడు, బయ్యన్న బయట చెట్టు కింద కూర్చుని గొర్రెల గురించి, నీళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే, లోపల ఆడవాళ్ళిద్దరూ చేతులకు సూదులు పెట్టుకుని పడుకుని నవ్వుకునేవాళ్ళు. "మా ఊర్లో నీళ్ళు కాలవలో వస్తాయక్కా, మీకు ఆకాశం నుంచి రావాల్సిందే" అని గంగాదేవి వేళాకోళం చేసేది.

ఐదో వారం దాటాక తిమ్మక్క కాలివేళ్ళకు గుడ్డ చుట్టినట్టు అనిపించడం మొదలైంది. తర్వాత చేతివేళ్ళకు. విత్తనానికి కాయలు ఒలుస్తుంటే గింజ ఎప్పుడు జారిపోతోందో తెలిసేది కాదు. ఆ పని కోడలికి వదిలేసింది. రవిక హుక్కులు పెట్టుకోవడానికి ఎంతోసేపు పడుతుంటే, తలుపు వేసుకుని ఒక్కతే తంటాలు పడింది. హేమ అడిగినప్పుడు మాత్రం ఎప్పటిలాగే "బాగుండా" అంది.

ఆమె పెరిగిన పద్ధతి అది. ఎవరింట్లోనైనా భోజనానికి కూర్చుంటే పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పకూడదు. పిలిచి పెట్టినవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. ఆ డాక్టరమ్మ తన ప్రాణం నిలబెట్టింది. ఆపరేషను అయిన నాడు రెండుసార్లు వచ్చి నుదురు తాకి చూసింది. అలాంటి మనిషి ఇచ్చే మందు బాగాలేదని తన నోటితో ఎలా అంటుంది?

ఎనిమిదో మందు అయిన రెండు రోజులకు, ఏప్రిల్ ఎండలో, తిమ్మక్క బయ్యన్నకు సద్ది తీసుకుని గుట్ట వైపు బయలుదేరింది. ఇంట్లో ఉండమని కోడలు చెప్పినా వినలేదు. గొర్రెలను చూసి పది రోజులైంది మరి. బయ్యన్న వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. దూరం నుంచి ఆమె నడక చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమే, ఇంగో చెప్పు యాడ?"

తిమ్మక్క కిందికి చూసుకుంది. ఎడమకాలికి చెప్పు ఉంది, కుడికాలికి లేదు. ఎక్కడ జారిపోయిందో, ఎంత దూరం అలా నడిచిందో ఆమెకు తెలియలేదు.

బయ్యన్న ఆమెను కూర్చోబెట్టి కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. అరికాలు కాలి బొబ్బలెక్కింది. మడమ దగ్గర తుమ్మముల్లు ఒకటి సగానికి విరిగి లోపల ఉంది. మొలతాడుకున్న పిన్నీసు తీసి ముల్లు తవ్వాడు. నెత్తురు వచ్చింది. ఆమె కాలు వెనక్కి లాక్కోలేదు, అబ్బా అనలేదు. గొర్రెల వైపు చూస్తూ కూర్చుంది.

"నొప్పి ల్యాదా?"

"తెలుస్తల్యా."

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆమె చెప్పింది, హుక్కుల సంగతితో సహా. బయ్యన్న పిన్నీసు కింద పెట్టాడు. "ఆ పాప ప్రతివారం అడుగుతాండాది కదే! బాగుండా, బాగుండా అంటివి!"

"ఎట్ల చెప్పల్ల? వాళ్ళు నాకోసరం అంత చేస్తాంటే, మీ మందు నా కాళ్ళు పాడు చేసిందని చెప్పల్లనా?"

బయ్యన్న తలగుడ్డ విప్పాడు. గుడ్డ చింపి ఆమె పాదానికి కట్టాడు. తర్వాత అన్నాడు: "పోయిన సంవత్సరం పశువుల డాక్టరు కడుపులో పురుగులకని ఇచ్చిన మందు నేను తాపితే నాలుగు గొర్రెలు పడిపోయినాయి. నేను పోయి చెప్తిని. ఆయప్ప ఏం చేసినాడు? నన్ను తిట్టినాడా? ఎంత తాపితివి, ఎన్ని గంటలకు పడినాయి అని అడిగి రాసుకున్న్యాడు. సిన్న గొర్రెలకు తక్కువ తాపమని పక్కూర్లకంతా చెప్పినాడు. నేను నోరు మూసుకోనుంటే ఇంగెన్ని సచ్చుండునో."

"గొర్రెలూ నేనూ ఒగటేనా?" అంది తిమ్మక్క. కానీ బయ్యన్న చెప్పింది ఆమెలో ఉండిపోయింది.

గురువారం ఆసుపత్రికి కుంటుతూ వెళ్ళింది. ముల్లు గుచ్చుకుందని అందరికీ చెప్పింది, అంతవరకే. గంగాదేవి అప్పటికే బల్ల మీద కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్ళకు పసుపు గుడ్డ చుట్టుకుని, ఆ చేతిని కొంగు కింద దాచుకుంది.

"ఏమైంది?"

"అన్నం కుండ దించినానక్కా. కాలిందని తెలీలా. చర్మం ఊడొచ్చినాక సూసుకున్యా." గంగాదేవి గొంతు తగ్గించింది. "ఈళ్ళకు చెప్పొద్దులే. పాపం, మన కోసరమే కదా తిప్పలు పడతాండేది."

తిమ్మక్క ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. తన మాటే ఇంకొకరి నోట వింటే అది ఎంత తప్పో ఆమెకు తెలిసివచ్చింది. తను బాగుందనే చెప్పింది, గంగాదేవీ బాగుందనే చెప్పింది. ఈ హాలులో కూర్చున్న ఆడవాళ్ళందరూ అలాగే చెబుతుంటే? ఈ మందు ఏమీ చేయదని కాగితంలో రాసుకుంటారు. ఇంకో ఊరి ఆడమనిషికి ఇంతే ఎక్కిస్తారు. ఆమె అగ్గిలో చేయి పెట్టినా తెలియకపోవచ్చు.

హేమ పిలిచింది. కాగితం తీసి మొదటి ప్రశ్న అడగబోతుంటే తిమ్మక్క ఆపింది.

"ఆ ఆఖరుది ముందడుగు పాపా."

హేమ చదివింది. తిమ్మక్క చెప్పు తీసి, కట్టు విప్పి పాదం చూపించింది. "ఈ కాల్లో ముల్లు ఇరిగితే నాకు తెలీలా. మా ఆయన నెత్తురొచ్చేటట్ల తవ్వినా తెలీలా. నెలయింది. నీకు అన్నీ అపద్దాలే చెప్తిని. బయట గంగాదేవి ఉండాది, ఆమె చెయ్యి గూడా సూడు."

హేమ పాత కాగితాలు తిరగేసింది. ఎదురుగా ఎనిమిది కాగితాలు, ఎనిమిది సున్నాలు. లేచి పరుగున వెళ్ళి జయంతిని తీసుకొచ్చింది.

జయంతి తిమ్మక్కను కళ్ళు మూసుకోమని దూదితో పాదాన్ని తాకింది. ఎప్పుడు తాకిందో తిమ్మక్క చెప్పలేకపోయింది. కొడితే ఝుమ్మని మోగే ఇనప పనిముట్టు ఒకటి బొటనవేలికి ఆనించింది. అదీ తెలియలేదు. గంగాదేవిని పిలిచి చేయి కడిగించి కట్టు కట్టించింది. తర్వాత తిమ్మక్క పక్కనే బల్ల మీద కూర్చుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు పానం నిలబెట్టినారు. మీ మందుకు వంక పెట్టేదెట్ల మేడమ్?"

"వంక పెట్టమనే కదా తిమ్మక్కా మిమ్మల్ని పిలిచింది." జయంతి గొంతులో కోపం లేదు. "మందు ఎంత పనిచేస్తుందో నేను ఫోటోలు తీసి, రక్తం పరీక్ష చేసి తెలుసుకోగలను. అది మీ కాళ్ళను ఏం చేస్తోందో మీరు చెప్తేనే నాకు తెలుస్తుంది. ఇంకో దారి లేదు."

"అయితే నన్ను తీసేస్తారా?"

"ఈ వారం మందు ఆపుతాను. తర్వాత తగ్గించి ఇస్తాను. ఎక్కడికీ పంపను."

తిమ్మక్క అప్పుడు ఏడ్చింది. జబ్బు పేరు విన్నప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు.

పాత కాగితాలను దిద్దకూడదు. హేమ ఆ రోజు తేదీ వేసి కొత్త కాగితంలో అంతా రాసింది. రాశాక పెన్ను పక్కన పెట్టి అడిగింది: "తిమ్మక్కా, స్పర్శజ్ఞానం అంటే నీకు అర్థమైందా?"

"యాడ అర్థమవుతాది? జ్ఞానం ఉండాదా అని అడుగుతాండావేమో అనుకుంటి మొదట్లో."

హేమ నవ్వబోయి ఏడ్చినంత పనైంది. తనదీ అనంతపురమే. ఇంట్లో అవ్వతో ఎవరైనా ఇలా మాట్లాడతారా? ఆ మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని కొత్త ప్రశ్నలు తయారు చేశారు. నడుస్తాంటే చెప్పులు జారిపోతాండాయా? రవిక హుక్కులు నీయంతట నువ్వే పెట్టుకుంటాండావా? కాయ ఒలిస్తే గింజ చేతికి తెలుస్తాండాదా? పొయ్యి మీద కుండ వేడి ముట్టుకుంటానే తెలుస్తాండాదా? తిమ్మక్క చెప్పడం, హేమ రాయడం. జయంతి వాటిని పెద్ద డాక్టర్ల కమిటీకి పంపి ఒప్పించింది. రెండు నెలల్లో తెలుగు మాట్లాడే ఆడవాళ్ళందరినీ అవే అడిగారు. అప్పటిదాకా బాగున్నామన్న వాళ్ళలో చాలామంది, ఉన్నదున్నట్టు చెప్పారు.

తిమ్మక్కకు పన్నెండు మందులూ పూర్తయ్యాయి, చివరివి తగ్గించి. చేతులకు ఆరు నెలల్లో స్పర్శ తిరిగి వచ్చింది. కాళ్ళకు ఏడాదిన్నర పట్టింది. రెండు చిటికెన వేళ్ళు మాత్రం మొద్దుగానే ఉండిపోయాయి. జబ్బు మళ్ళీ రాలేదు.

గంగాదేవికి వచ్చింది. మూడో ఏడు ఎముకల్లోకి పాకింది. చివరిసారి ఆసుపత్రిలో కలిసినప్పుడు ఆమె తిమ్మక్క చేయి పట్టుకుని, "ఆ పొద్దు నువ్వు చెప్పకపోయింటే నా యేళ్ళు కాల్చుకుంటానే ఉందును అక్కా. ఈ మూడేళ్ళు నా పిల్లోళ్ళకు నా చేత్తోనే వండి పెట్టినా" అంది. ఆ వేసవిలో పోయింది. కబురు తిమ్మక్కకు నెల తర్వాత తెలిసింది.

రెండువేల తొమ్మిదిలో ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. పరిశోధన ముగిసిందనీ, పాల్గొన్నవాళ్ళకు ఫలితం చెబుతామనీ రాశారు. బయ్యన్నతో కలిసి తిమ్మక్క వెళ్ళింది. పాతిక మందికి పైగా ఆడవాళ్ళు వచ్చారు. జయంతి జుట్టు నెరిసింది. వారం వారం ఇచ్చే పద్ధతిలో జబ్బు కొంచెం ఎక్కువమందికి అదుపులో ఉందనీ, కానీ కాళ్ళూ చేతులూ మొద్దుబారడం కూడా అందులోనే ఎక్కువనీ, అందుకని ఇకమీదట తమ ఆసుపత్రిలో మొదటి వారం నుంచే ఆ కొత్త ప్రశ్నలు అడిగి, అవసరమైతే ముందే మందు తగ్గిస్తారనీ చెప్పింది. చెప్పడం అయ్యాక అందరికీ చేతులెత్తి దండం పెట్టింది. తిమ్మక్క సిగ్గుపడి బయ్యన్న వెనక్కి జరిగింది.

బయటికి వచ్చాక, ఫలితాలు అచ్చయిన కాగితం చేతిలో ఉన్న హేమను ఆపింది. "పాపా, ఆ కాగితంలో మేము యాడుండాము?"

"పేర్లు ఉండవు తిమ్మక్కా. ఎవరి పేరూ రాయకూడదు."

"పేరొద్దులే. యాడుండామో సూపించు, సాలు."

హేమ ఇంగ్లీషు కాగితం విప్పి ఒక వరుస మీద వేలు పెట్టింది. "వారం వారం మందు తీసుకున్న యాభై మందిలో పన్నెండు మందికి చేతులూ కాళ్ళూ బాగా మొద్దుబారినాయని రాసినారు. ఇదిగో, ఈ పన్నెండు."

"నేనూ గంగాదేవీ దీంట్లోనే ఉండామా? ఒగే కాడ?"

హేమ తల ఊపింది. తిమ్మక్క ఆ వరుసను చాలాసేపు చూసింది. కింది నుంచి మూడోది. "నాకొగటి ఇస్తావా?" అని అడిగింది. హేమ జిరాక్సు తీయించి ఇచ్చింది.

మరుసటి వారం తిమ్మక్క, బయ్యన్న అనంతపురంలో బస్సు మారి కణేకల్ వెళ్ళారు. అంత నీరు పారే నేలను తిమ్మక్క చూడటం అదే మొదలు. కాలవ గట్టున అడిగి అడిగి హనుమంతరాయుడి ఇల్లు పట్టుకున్నారు. ఆయన పలకరింపులు అవుతుండగానే చెంబుతో నీళ్ళిచ్చి, పెద్ద కూతురిని వంట మొదలుపెట్టమన్నాడు.

తిమ్మక్క సంచిలోంచి కాగితం తీసి మంచం మీద పరిచింది. ఆ ఇంట్లో దాన్ని చదవగలిగిన వాళ్ళెవరూ లేరు. కింది నుంచి వరుసలు లెక్కపెట్టి, మూడోదాని మీద వేలు పెట్టింది.

"ఏముందక్కా దీంట్లో?" అన్నాడు హనుమంతరాయుడు.

"గంగాదేవి చెప్పింది ఈడ రాసినారు. ఇంగ మీదట ఎవరికీ అట్ల చెయ్యి కాలకుండా ముందే అడుగుతారంట. నేనూ ఉండా, ఆమె పక్కనే."

ఆయన కాగితం చేతిలోకి తీసుకుని వెలుతురు కోసం గుమ్మం దగ్గరకు వెళ్ళాడు. చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు. లోపలి నుంచి కూతురు వచ్చి విస్తళ్ళు వేసింది. "తినండక్కా, సల్లారిపోతాది" అన్నాడు ఆయన, అక్కడి నుంచే. తిమ్మక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. వరి అన్నం, బుడంకాయ పప్పు.

"ఎట్లుండాది పెద్దమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

"బాగుండాది తల్లీ" అంది తిమ్మక్క. ఒక్క క్షణం ఆగి, "ఉప్పు రవ్వంత తక్కువైనట్టుండాది. కొంచెం తీసుకురా పో" అంది.

హనుమంతరాయుడు గుమ్మం దగ్గర నవ్వాడు. బయ్యన్న కూడా నవ్వి, విస్తరి ముందుకు జరుపుకున్నాడు.