పోటు వేళ దాటిన ఇల్లు

నీళ్ళు వెనక్కి పోయాయి.

బురద మిగిలింది. బురద కింద గుల్లలు... చిటుక్... చిటుక్... అని నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ చప్పుడు పుట్టినప్పట్నుంచీ వింటున్నాను. మా చిలోయే దీవిలో ఆటు వేళ చెవిన పడే మొదటి మాట అదే.

ఆ బురద పైన గట్టు. గట్టు మీద ఇల్లు.

అమ్మ ఇల్లు. ఎండకీ వానకీ నెరిసిపోయిన చెక్కపెంకులు, పసుపుపచ్చ తలుపు. కింద గట్టు కొంచెం కొంచెంగా సముద్రంలోకి జారిపోతోంది. ఈ చలికాలం దాటదని దీవిలో అందరికీ తెలుసు.

ఆ ఇంట్లో మా చెల్లెలు ఒతీలియా. ఒక్కతే.

ఇల్లు కదలాలి. సముద్రపు పాయ దాటి ఇవతలికి, మా ఇంటి పక్కకి రావాలి.

ఇల్లు కదలడం మాకు వింత కాదు. చెక్క ఇల్లే కదా. దుంగల మీదికి ఎక్కిస్తాం. ఎద్దుల్ని కడతాం. ఆటు వేళ తీరానికి దించుతాం, పోటు వేళ తేలుస్తాం, పడవలతో లాక్కుపోతాం. కూలి ఉండదు. ఇరుగుపొరుగుని పిలుస్తాం, కడుపునిండా పెడతాం, వాళ్ళు పిలిచిన రోజు మనం పోతాం. దీన్ని మింగా అంటాం. పిలవడం మాత్రం ఇల్లుగలవాళ్ళే పిలవాలి. గడపగడపకీ పోయి నోరు తెరిచి అడగాలి. ఇంకొకర్ని పంపితే ఒక్కరూ రారు.

అంటే ఒతీలియా అడగాలి.

అడిగితే మాత్రం... ఎవరొస్తారు?

ఒకసారి అడిగింది కదా. ఒకసారి వచ్చారు కదా!

*

అంతకుముందు ఒక చలికాలమంతా ఒతీలియా మంచం దిగలేదు.

జుట్టు జడలు కట్టింది. బంగాళాదుంపలు మట్టిలోనే కుళ్ళాయి. నేను పడవేసుకుని పులుసు తీసుకెళ్ళేదాన్ని, అది చూస్తుండగానే చల్లారిపోయేది. బతిమాలాను. తిట్టాను. ఒళ్ళు బరువన్నారు ఊళ్ళోవాళ్ళు. ఒళ్ళు బరువు కాదు — చెయ్యెత్తడమే బరువు దానికి.

పట్నం డాక్టరు దిగులు జబ్బన్నాడు. దిగులుకి మందిచ్చాడు. ఆయన్నేం అనను. ఆయన చూసింది ఆటుని. పోటు సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆ మందు మొదలెట్టిన కొన్నాళ్ళకి లేచింది.

అబ్బ... ఏం లేవడం!

పిట్టలకంటే ముందే పాట. తలుపుకి పసుపు రంగు. కంచెకి పసుపు రంగు. కోళ్ళగూటికీ పసుపు రంగే. నిద్ర లేదు, నిద్ర అక్కర్లేదంది. మాట మీద మాట, నవ్వు మీద నవ్వు. గుడికి కొత్త కప్పు వేయిస్తానంది. అందరికీ గొర్రెలు పంచుతానంది. గేటు గేటుకీ పరిగెత్తి పిలిచింది — మింగా, మింగా, నా ఇల్లు సముద్రం దాటుతుంది, రండి!

వచ్చారు. పడుకున్న పిల్ల లేచిందని సంబరపడి వచ్చారు.

వేళ తప్పు. అప్పటికే నీళ్ళు ఎగదన్నుకొస్తున్నాయి. మింగాలన్నిటికీ కేకవేసి లాగించే పెద్దమనిషి, అందరూ గౌరవంగా దోన్ అని పిలిచే నోల్బెర్తో వద్దన్నాడు. "నీళ్ళు నా మాట వింటాయి!" అని అరిచింది ఒతీలియా. దాని కళ్ళలో ఏముందో గాని, ఊరంతా తాడు పట్టుకుని లాగేసింది. నోల్బెర్తో ఎద్దు లూసేరో బురదలో దిగబడింది. కాలు విరిగింది. ఇంటి మూల పగిలింది, ఇల్లు గట్టు మీదే ఉండిపోయింది. ఎద్దు అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

తర్వాత ఒతీలియా పడిపోయింది. ముందుకంటే లోతుగా.

ఆ వారం ఆ ఇంట్లో తాళ్ళన్నీ ఏరి మా ఇంటికి తెచ్చేశాను. ఎందుకో చెప్పను.

*

పట్నం ఆసుపత్రిలో ఈసారి వెనకటి సంగతులన్నీ అడిగారు. పైకి లేచిన రోజులూ అడిగారు. అప్పుడు దానికి ఒక పేరు దొరికింది.

మా దీవి నర్సు యాస్నా బురద బూట్లతోనే వచ్చి మా పొయ్యి పక్కన, ఒతీలియా ఎదురుగా కూర్చుంది.

"బైపోలార్ అంటారు. నీది ఒకటో రకం ఒతీలియా, లేస్తే ఒళ్ళు తెలియని లేవడం. రెండో రకమూ ఉంది. లేవడం కాస్తే ఉంటుంది, కుంగడమే చాలా. కొందరికైతే చిన్నచిన్నగా ఏళ్ళ తరబడి ఊగుతూనే ఉంటుంది. ఉత్త దిగులనుకుని దిగులు మందొక్కటే ఇస్తే, కొంతమందిని అది పైకి తోసేస్తుంది. నీకయింది అదే."

నాకు అమ్మ గుర్తొచ్చింది.

గోడవైపు తిరిగి పడుకున్న నెలలు. మధ్యలో ఎప్పుడో ఒక వారం — దీవిలో పిల్లలందరికీ ఉన్ని టోపీలు అల్లేసిన వారం. గాలి సోకిందనేవారు. ఆ గాలికి పేరేంటో తెలియకుండానే వెళ్ళిపోయింది అమ్మ.

"మందు లిథియం," అంది యాస్నా. "ఇదీ ఒక ఉప్పే అనుకో. ఎక్కువైతే విషం, తక్కువైతే దండగ. అందుకే రక్తం చూస్తూ ఉండాలి. నీళ్ళు బాగా తాగు. కూరలో ఉప్పు ఉన్నట్టుండి మానెయ్యకు. ఇక నిద్ర... నిద్ర ఎగ్గొట్టావో, నాతో మాట్లాడకు."

యాస్నా ఇచ్చిన మాత్రని ఒతీలియా అరచేతిలో తిప్పి చూసింది.

"చుట్టూ ఉప్పునీళ్ళు పెట్టుకుని, ఉప్పు కొనడానికి పట్నం పోవాలా? భలే బతుకే నాది!"

నెలల తర్వాత అది వేసిన మొదటి జోకు. యాస్నా పకపకా నవ్వింది. నేను నవ్వుదామనుకుని ఏడ్చేశాను.

తేలికేం కాలేదు. చేతులు వణికాయి, కప్పు సాసరు మీద టకటకలాడింది. ఒకటే దాహం. ఒళ్ళొచ్చింది. "నాలో పాట పోయిందక్కా," అని ఒకసారి మాత్రలు మానేసింది. మళ్ళీ పట్నం. మోతాదు మార్చారు. మాట్లాడించే డాక్టరమ్మ దగ్గరికి బస్సులో పోయొచ్చేది. వస్తూ వస్తూ తన గురించి తనే ఒక్కో సంగతి తెలుసుకుని వచ్చేది. పిట్టలకంటే ముందు మెలకువ వస్తే యాస్నాకి చెప్పాలి. స్నానం చెయ్యాలనిపించకపోయినా చెప్పాలి.

"పసుపు రంగు డబ్బా కొన్నానంటే మాత్రం, అక్కా... వెంటనే నా చెయ్యి పట్టుకో."

పట్టుకోవడం నాకు బాగా అలవాటైపోయింది. నవ్వితే — నిద్రపోయావా? ఎక్కువ మాట్లాడితే — మాత్ర వేసుకున్నావా? పాపం, ఒక నవ్వు నవ్వుకోవాలన్నా అది నాకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

*

ఈసారి అడగడానికి బయల్దేరింది. నేను తెడ్డు వేశాను.

ప్రతి గేటు దగ్గరా ఒకే మాట. "కిందటిసారి మిమ్మల్ని జబ్బు పిలిచింది. ఈసారి నేను పిలుస్తున్నాను."

కాదన్నవాళ్ళు లేరు. వస్తామన్నవాళ్ళూ లేరు.

నోల్బెర్తో కట్టెలు కొడుతున్నాడు. తలెత్తలేదు.

"ఏం పిల్లా, నీళ్ళు మళ్ళీ నీ మాట వింటానన్నాయా?"

"లేదు దోన్ నోల్బెర్తో. ఈసారి నేనే వాటి మాట వింటాను. వేళ మీరు పెట్టండి."

"లూసేరోని నేను మర్చిపోలేదు."

"నేనూ మర్చిపోలేదు."

గొడ్డలి మొద్దులో దిగింది. "గేటు వేసి పో, కోళ్ళు బయటపడతాయి," అన్నాడు.

తర్వాత రెండు రోజులకి వేళ కబురొచ్చింది. కబురే వచ్చింది. మనుషులొస్తారో లేదో ఎవరూ చెప్పలేదు.

*

ఆ పొద్దున నీళ్ళు వెనక్కి పోయాయి. బురదలో చిటుక్... చిటుక్...

ఇంట్లో సామాను లేదు, ఇల్లు దుంగల మీద ఎదురుచూస్తోంది. ఒతీలియా గోతిలో రాళ్ళు కాల్చింది. గుల్లలు, మాంసం, బంగాళాదుంపలు పేర్చి పెద్ద పెద్ద ఆకులు కప్పింది. దీవి మొత్తానికి సరిపోయే వంట.

దారిలో ఎవరూ లేరు.

పొగ ఒక్కటే లేస్తోంది. నేను దారివైపు చూడనట్టు నటిస్తూ దారినే చూస్తున్నాను. అది మాత్రం ఆకుల మీద మట్టి సర్దుకుంటోంది.

అప్పుడు... కాడి కిర్రుమన్న చప్పుడు.

పొగమంచులోంచి ముందు కొమ్ములు. తర్వాత టోపీ. నోల్బెర్తో! కొత్త ఎద్దు. దాని వెనక ఇంకో జత, దాని వెనక ఇంకో జత... భుజాన తాళ్ళు వేసుకున్న మగవాళ్ళు, రొట్టెల బుట్టలతో ఆడవాళ్ళు. వస్తున్నారు. ఇంకా వస్తున్నారు!

"ఏడుస్తావేంటమ్మా, తాడు పట్టుకో," అన్నాడు నోల్బెర్తో నాతో.

పట్టుకున్నాను.

ఆయన కేక. మా లాగు. కేక — లాగు.

అమ్మ ఇల్లు కదిలింది. కిటికీ తెరలతో సహా కదిలింది. గట్టు దిగింది, బురద దాటింది, నీటి అంచున నిలబడింది. చుట్టూ ఖాళీ పీపాలు కట్టాం. కూర్చున్నాం. సముద్రం వచ్చేదాకా సముద్రం కోసం కూర్చున్నాం.

వచ్చింది. గడప తడిసింది. దుంగలు మునిగాయి. ఇల్లు ఒకసారి మూలిగింది.

తేలింది!

పడవలు గుర్రుమన్నాయి. పసుపు తలుపు నీళ్ళ మీద నడుచుకుంటూ పోతోంది. ఒడ్డున మేమంతా కేకలు, ఈలలు. ఒతీలియా నడుంలోతు నీళ్ళలోకి దిగిపోయి గొంతెత్తి పాడుతోంది, నవ్వుతోంది, నీళ్ళు చిమ్ముతోంది.

నా చెయ్యి దానంతటదే వెళ్ళి దాని మణికట్టు పట్టుకుంది.

"రాత్రి నిద్రపోయావా?"

"పోయాను. గురక పెట్టానని పొద్దున్నే తిట్టావుగా."

"మాత్ర?"

"వేసుకున్నా."

"పసుపు రంగు...?"

"కొనలేదు తల్లీ! చెయ్యి వదులు. ఇల్లు సముద్రం దాటుతుంటే నవ్వకపోతే, అప్పుడు పట్టుకో నా చెయ్యి. ఇది జబ్బు కాదక్కా. ఇది నా సంతోషం. నాది."

దాని కళ్ళలోకి చూశాను. ఉన్నది ఒతీలియానే.

వదిలేశాను. నీళ్ళలోకి నేనూ దిగాను. పాట రాకపోయినా పాడాను.

*

ఇల్లు మా ఒడ్డు చేరింది. ఎద్దుల్ని తోలుకుని, వండినవి బుట్టల్లో మోసుకుని మేమంతా పాయ చుట్టూ తిరిగి ఇవతలికొచ్చాం. నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ దాన్ని ఇసుక మీద కూర్చోబెట్టి పోయాయి. ఇక మిగిలింది మా ఇంటిదాకా ఎక్కాల్సిన మిట్ట.

పొద్దు వాలుతోంది. ఆపిల్ సారా బయటికొచ్చింది. అందరి ముఖాలూ ఎర్రబడ్డాయి.

"ఇవాళే ఎక్కించేద్దాం!" అన్నారెవరో.

"ఇవాళే!" అన్నాడు నోల్బెర్తో. అంత నెమ్మదిగల మనిషి, టోపీ తీసి గాల్లోకి విసిరాడు. "సముద్రమే దాటించాం, ఈ మిట్ట ఒక లెక్కా! కట్టండి ఎద్దుల్ని!"

కట్టండి, కట్టండి... అందరం అరిచాం. నేనూ అరిచాను. తాళ్ళు తడిసి జారుతున్నాయని ఎవరూ చూడలేదు. ఎద్దుల నోళ్ళ నురగ ఎవరూ చూడలేదు.

ఒతీలియా వెళ్ళి ఎద్దుల ముందు నిలబడింది.

"ఆగుదాం."

"ఏంటీ?"

"రేపు లాగుదాం, దోన్ నోల్బెర్తో. ఎద్దు కాళ్ళు చూడండి." గొంతు పెంచలేదు. "మీ అందరికీ ఇప్పుడు ఏదైనా చేసేయగలం అనిపిస్తోంది కదూ? అదెలా ఉంటుందో ఇక్కడ నాకంటే బాగా ఎవరికీ తెలీదు. నేనొకసారి మీ ఎద్దుని పోగొట్టాను. అది చాలు."

తాళ్ళు పట్టిన చేతులు దిగాయి.

నోల్బెర్తో వంగి కొత్త ఎద్దు ముందుకాలు మీద చెయ్యేశాడు. కాలు వణుకుతోంది. తర్వాత కాడి విప్పాడు.

"ఇల్లుగలావిడ చెప్పింది విన్నారుగా. రాత్రి పోటుకి కదలకుండా ఇంటిని చెట్లకి కట్టేసి, తిండికి పదండి."

ఇల్లుగలావిడ! నా చెల్లెల్ని! నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను.

అకార్డియన్ మొదలయింది. తిన్నాం, ఆడాం. ఒతీలియా అందరికీ వడ్డించింది, గ్లాసుడు మంచినీళ్ళెత్తి నోల్బెర్తో గ్లాసుకి తగిలించింది. చీకటి పడుతుండగానే లేచింది.

"ఇల్లుగలదానివి, నువ్వు పోతే విందేంటి?" అన్నారు.

"ఇదీ నా మందే," అని మా ఇంట్లోకి పడుకోడానికి పోయింది.

*

తెల్లారింది.

నీళ్ళు వెనక్కి పోయాయి. ఇసుక మీద అమ్మ ఇల్లు, కొంచెం పక్కకి ఒరిగి. పడమట మబ్బు పట్టింది. వాన ముందొస్తుందో, ఇల్లు ముందెక్కుతుందో చెప్పలేం.

అందరూ మళ్ళీ వచ్చారు. ఎద్దులొచ్చాయి, ఎండిన తాళ్ళొచ్చాయి.

పాయ అవతలికి వినపడే గొంతు నోల్బెర్తోది. ఆ మనిషి మునివేళ్ళ మీద నడిచి మా కిటికీ దగ్గరికొచ్చాడు. గుసగుసగా అడిగాడు.

"లేచిందా?"

"ఇంకా లేదు. లేపనా?"

ఆయన మబ్బుకేసి చూశాడు. మిట్టకేసి చూశాడు.

"వద్దు వద్దు. పడుకోనీ."

వెనక్కి తిరిగి నోటి మీద వేలుంచుకున్నాడు. ఎవరో దగ్గితే గుర్రుగా చూశాడు. తాళ్ళు చేతుల్లో పట్టుకుని దీవి మొత్తం నిలబడింది — పిల్లల్ని చంకనేసుకుని, ఎద్దుల మూతులు నిమురుతూ, మా చెల్లెలి నిద్ర కోసం.

ఎవరూ మాట్లాడటం లేదు.

బురదలో గుల్లలు మాత్రం... చిటుక్... చిటుక్...