తొడిమల షెడ్డులో సంతాప సభ

భైరవమూర్తి గారు పోయారని గురువారం పొద్దున జ్యోతిర్మయి ఫోన్ చూసి చెప్పినప్పుడు, వినుకొండ శివార్లలోని మా మిరపకాయల షెడ్డులో ఎవరూ ఏడవలేదు. తిట్టారు. నవలలో ముగ్గురిని చంపించి, చంపిందెవరో చెప్పకుండా తనే పోతే తిట్టరా మరి?

ఆయన సీరియల్ ప్రతి గురువారం ఫోన్లో వచ్చేది. ఆడవాళ్ళంతా కాయల తొడిమలు తీస్తుంటే నేను పైకి చదివేదాన్ని. నా పని వెనకబడకుండా తలా రెండు గుప్పెళ్ళు తీసిన కాయలు నా గంపలో పోసేవాళ్ళు. డిగ్రీ చదివినందుకు నాకు దొరికిన ఉద్యోగం అదొక్కటే.

మా మేస్త్రి వెంకటరావమ్మ పిన్నికి అక్షరం ముక్క రాదు. కథలో మాత్రం పోలీసుల కంటే ముందుంటుంది. హంతకుడు డాక్టరేనని ఆమె, కాదు, ఇంటి కోడలని జ్యోతిర్మయి పంతం పట్టారు. ఓడినవాళ్ళు ఈ సీజనంతా గెలిచినవాళ్ళకి టీ పోసి చేతికివ్వాలి. పిన్ని ఆ గ్లాసు కోసమే కాచుకుని ఉంది.

"వచ్చే వారం, వచ్చే వారం అని ఊరించి, చెప్పకుండా పోతాడా? మోసగాడు. ఆయన కోసం నేనైతే కంటతడి పెట్టను," అంది పిన్ని.

ఆ మాట నమ్మొచ్చు. కాయల ఘాటుకి మా అందరి కళ్ళూ ధారలు కట్టినా ఆమె కళ్ళు తడవడం నేనెన్నడూ చూడలేదు.

జ్యోతిర్మయి ఊరుకోక, "మా అభిమాన రచయిత ఇక లేరు, షెడ్డంతా కన్నీరు" అని స్టేటస్ పెట్టింది. అది ఎవరెవరి ఫోన్లు తిరిగిందో, మధ్యాహ్నానికి ఉదయ్ కుమార్ అనే విలేకరి కెమెరాతో దిగాడు. విశాఖపట్నం నుంచి కొత్తగా వచ్చినవాడు, మిరపకాయల షెడ్డు మొహం చూసినవాడు కాదు. లోపల ఇంతమంది ఆడవాళ్ళు ముక్కులు చీదుతూ కళ్ళు తుడుచుకుంటుంటే గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇంత అభిమానమా అమ్మా?"

"ఏం చెప్పమంటావయ్యా, పొద్దున్నుంచీ ఇదే వరస," అంది జ్యోతిర్మయి కొంగు అడ్డం పెట్టుకుని. అందులో అబద్ధమేమీ లేదు. మాకు రోజూ అదే వరస.

కాసేపటికి అతని కళ్ళూ కారడం మొదలైంది. "చూడండి, మీ బాధ నన్నూ కదిలించింది," అని కెమెరా తన వైపు తిప్పుకుని, దగ్గుతూ, తుమ్ముతూ మాట్లాడాడు. ఆ తుమ్ముల్ని కూడా దుఃఖం కిందే జమకట్టాం. నవ్వితే ఘాటు గొంతులోకి పోతుందని పళ్ళు బిగబట్టి కూర్చున్నాం.

చివరికి పిన్ని పొడి కళ్ళు అతని కంటపడ్డాయి. "మీకు బాధ లేదా అమ్మా?"

"బాధేంది, కోపంగా ఉంది. డాక్టరే చంపాడని ఒక్క ముక్క రాసి పోవచ్చుగా. అది చూపించు నీ ఛానల్లో."

అతను చూపించలేదు. పిన్నిని కత్తిరించి మా ఏడుపులు మాత్రం వేశాడని తర్వాత తెలిసింది.

అతను వెళ్ళాక, చేతులు కడుక్కుని రోడ్డవతలి టీ బంకు దగ్గర కూర్చున్నాం. జ్యోతిర్మయి గ్లాసు నింపి పిన్నికి అందించింది. "డాక్టరేలే పిన్నీ. నేనే ఓడిపోయా."

"నువ్వొప్పుకుంటే ఏం లాభమే? ఆయన చెప్పాలిగానీ." పిన్ని గ్లాసు తాగకుండా పక్కన పెట్టింది. నా వైపు తిరిగింది. "రాజేశ్వరీ, పాత భాగాలు ఫోన్లో ఉన్నయ్యా?"

"అన్నీ ఉన్నాయి పిన్నీ."

"అయితే మొదటి నుంచి మళ్ళీ చదువు. వారానికి ఒకటే. ఎవరు బతిమాలినా రెండోది చదవమాక."

"తెలిసిన కథేగా?"

"గబగబా చదివేస్తే ఆయన మళ్ళీ పోతాడే," అంది కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "కారం పడింది."

రోడ్డవతల కారమెక్కడిదని జ్యోతిర్మయి కూడా అడగలేదు. ఎలాగూ గురువారమే కదా అని ఫోన్ తీసి మొదటి భాగం మొదలుపెట్టాను. అందులో అందరూ ఇంకా బతికే ఉన్నారు.