పది పదకొండు స్పానరు

వేడినీళ్లు పడేసరికి బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లపొడి బుసబుసమని నురగెత్తింది. బ్యాటరీ మామయ్య అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో ఆ మూలా ఈ మూలా తోమి, పాత బనియను ముక్కతో తుడిచి పక్కన పెట్టాడు. పొద్దుటి నుంచి అది నాలుగోది. ముప్పై ఎనిమిదేళ్లు కార్ల కరెంటు పని చేసిన మనిషి మూడు వారాలుగా చేస్తున్న పని ఇదొక్కటే.

షెడ్డు అతని మేనల్లుడిది. వాడు మామయ్య అంటాడు కనుక వీధి వీధంతా మామయ్యే అంటుంది, ఒక్క సొంత భార్య తప్ప. వాడికి పని నేర్పింది కూడా మామయ్యే. ఇప్పుడు బల్ల పైన గోడకు వాడి చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీయరాదు. అందరికీ చెప్పినట్టే రాశాడు పాపం. షెడ్డులో కరెంటు పని చేసేది ఒక్కడే.

పాత బళ్లకు అదే అసలు పరీక్ష. ఇంజను నడుస్తుండగా మైనస్ వైరు పీకేస్తే బండి ఆగిందా, బ్యాటరీని నింపే డైనమో పోయినట్టు. ఆగలేదా, డైనమో బంగారం. మీటరు పెట్టి అంకెలు చూసుకునేవాళ్లను చూసి మామయ్య నవ్వేవాడు. జేబులో ఒక కొస పదో నంబరు నట్టుకు, ఇంకో కొస పదకొండుకు పట్టే పది పదకొండు స్పానరు ఉంటే చాలనేవాడు. పిడికి నల్ల టేపు చుట్టిన ఆ స్పానరుతో ఎన్ని వందల బళ్ల రోగం చెప్పాడో అతనికే తెలియదు. మూడు వారాల కిందట ఒక కొత్త కారుకూ అలాగే వైరు పీకాడు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్ని, కారులోని కంప్యూటరు కాలిపోయింది. మేనల్లుడు అరవలేదు. కొన్నాళ్లు బ్యాటరీలు కడుగుతూ ఉండమని, ఇంకోసారి ఇలా అయితే ఇక ఎప్పటికీ బళ్ల మీద చెయ్యి వెయ్యనివ్వలేనని మాత్రం నేల చూస్తూ చెప్పాడు. వాడు అరిచినా బాగుండేదని మామయ్యకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పదకొండింటికి డ్రైవింగ్ నేర్పే ఆవిడ వచ్చింది. ఎడమవైపు కూడా బ్రేకు ఉన్న చిన్న కారు ఆవిడది. ఏడాదిలో రెండుసార్లు బ్యాటరీ మార్పించిందట, డైనమో కూడా కొత్తదేనట, అయినా మూడో రోజుకు స్టార్టు చేయబోతే మూలుగుతోందట. నేర్చుకునేవాళ్లు ప్రతిసారీ తప్పు తమదే అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారట. నిన్న ఒక పెద్దాయన స్టీరింగుకు దణ్ణం పెట్టి దిగిపోయాడట.

మేనల్లుడు కాస్త ఆలోచించాడు. "నువ్వే చూడు మామయ్యా" అన్నాడు.

మామయ్య టూత్‌బ్రష్ పక్కన పడేసి లేచాడు. ఈ ఒక్క బండి సరిగ్గా చేస్తే మళ్లీ పనిలో పడ్డట్టే. లేదంటే మిగిలిన బతుకంతా టూత్‌బ్రష్షే.

మేనల్లుడు కొనిచ్చిన మీటరు బయటికి తీశాడు. మూడు వారాలుగా భోజనాల వేళ దాంతోనే కుస్తీ పడుతున్నాడు. ముందు బెల్టు వేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. ఇంజను నడిపించి, హెడ్‌లైట్లు వేయించి, డైనమో దగ్గర కొలిచాడు. పద్నాలుగున్నర వోల్టులు. బ్యాటరీ దగ్గర కొలిస్తే పదమూడు కూడా లేదు. డైనమో పంపుతోంది, బ్యాటరీకి అందడం లేదు. రోగం ఒకటి, మందు ఒకటి అన్నమాట. మీటరు వైరు ఒకటి డైనమో ఒంటికీ రెండోది బ్యాటరీ మైనస్‌కూ ఆనించాడు. అసలేమీ చూపించకూడని చోట ఒకటిన్నర చూపించింది, అంటే కరెంటు తిరిగొచ్చే దారిలోనే ఎక్కడో అడ్డు.

ఇంజను ఆపించి, దాన్ని బాడీకి కలిపే ఎర్తు వైరు ఊడదీశాడు. తొడుగు నిగనిగలాడుతోంది. కోసి చూస్తే లోపల రాగి పచ్చబడి పొడిపొడిగా రాలింది. పైన పటారం, లోన లొటారం. కొత్త వైరు వేసి మళ్లీ ఇంజను నడిపిస్తే బ్యాటరీ దగ్గర అంకె పద్నాలుగుంబావు దగ్గర నిలబడింది. మామయ్యకు ఆ మీటరును ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"ఇంక ఆగదు కదండీ?" అంది ఆవిడ.

"ఆగదమ్మా."

ఆవిడ మేనల్లుడి వైపు తిరిగి ఆ పెద్దాయనకు ఫోను చేసి చెప్పాలంటూ మాట్లాడుతోంది. అప్పుడు మామయ్య వేళ్ల కింద ఏదో కదిలింది. చూసుకుంటే స్పానరు మైనస్ నట్టు మీద ఉంది. నట్టు అప్పటికే అరచుట్టు వదులైంది. ఇంజను నడుస్తూనే ఉంది. స్పానరు జేబులోంచి ఎప్పుడు తీశాడో, నట్టుకు ఎప్పుడు తగిలించాడో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. నట్టు బిగించి, బానెట్టు మూసి, రెండు చేతులూ దాని మీద ఆనించి నిలబడ్డాడు. ఎవరూ చూడలేదు. మూడు వారాల కిందట కూడా అతనికి ఇంత భయం వేయలేదు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే మేనల్లుడు బల్ల దగ్గరికి వచ్చి, నవ్వుతూ గోడ మీది కాగితం అంచు గోటితో లేపాడు. రేపు రెండు బళ్లు వస్తున్నాయని, రెండూ నువ్వే చూడాలని అన్నాడు.

"ఉంచరా దాన్ని, పీకకు" అన్నాడు మామయ్య. "రేపటినుంచి నేను రాను."

కాగితం గురించి మనసు కష్టపెట్టుకున్నాడేమోనని మేనల్లుడి మొహం చిన్నబోయింది.

"నీమీద కోపం కాదురా. ఇందాక మళ్లీ విప్పబోయాను. ఇంజను నడుస్తోంది. నాకు తెలీకుండానే చెయ్యి వెళ్లిపోయింది." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఇంట్లో ఫ్యాను మూలుగుతోందని మీ అత్త ఏడాదినుంచి సణుగుతోంది. అది చూసుకుంటాలే."

మామయ్య చేతులు కడుక్కుని, క్యారియరు తీసుకుని, వాడి భుజం మీద ఒకసారి తట్టి, రోజూ వెళ్లే దారినే వెళ్లిపోయాడు. మామయ్య మలుపు తిరిగేదాకా వాడు చూసి, లేపిన కాగితం అంచును బొటనవేలితో మళ్లీ నొక్కి అంటించాడు.

కాగితం కింద బల్ల మీద, మీటరు పక్కన పది పదకొండు స్పానరు ఉంది. పిడికి చుట్టిన నల్ల టేపు బొటనవేలి మేర గుంటపడి ఉంది, స్పానరు నోట్లో ఇంకా కాస్త తెల్లపొడి ఉంది.